సైకిలు వెనుక చక్రం తీయడం, తిరిగి బిగించడం: నాకు పట్టుబడిన తీరు

ముందు చక్రాన్ని సులువుగా తీసి పెట్టగలుగుతున్నా వెనుక చక్రం తీసేసరికి గొలుసు చిక్కుపడుతోందనీ, ఎలాగో బిగించినా చక్రం ఒకవైపు బ్రేకుకు రాసుకుంటోందనీ మీరు రాశారు. సరిగ్గా ఈ రెండు ఇబ్బందులూ నేను చాలాకాలం పడ్డాను. అవి రెండూ వేర్వేరు కారణాల వల్ల వచ్చేవి కనుక విడివిడిగానే చెబుతాను.

గొలుసు సంగతి చక్రం తీయకముందే మొదలవుతుంది. వెనుక భాగాన్ని కొంచెం పైకెత్తి, పెడల్ తిప్పుతూ, గొలుసును వెనుక ఉన్న పళ్ల చక్రాలలో అన్నిటికంటే చిన్నదాని మీదకు, అంటే బయటి అంచున ఉన్నదాని మీదకు తెచ్చుకోవాలి. నేను మొదట్లో ఏ గేరులో ఉంటే ఆ గేరులోనే చక్రం ఊడదీసేవాడిని. తిరిగి పెట్టేటప్పుడు గొలుసు ఏ పళ్ల మీద ఉండేదో గుర్తుండేది కాదు, తోచినదాని మీద వేస్తే పెడల్ తొక్కగానే అది టకటకమంటూ మరో పళ్ల చక్రం మీదకు దూకేది. చిన్నదాని మీద ఉంచి తీస్తే మళ్లీ ఎక్కడ వేయాలన్న సందేహమే ఉండదు, పైగా గొలుసు పక్కకు ఉండటం వల్ల చక్రం తక్కువ అడ్డంకితో కిందికి దిగుతుంది.

రిమ్మును పట్టే బ్రేకులైతే వాటిని ముందుగా తెరవాలి, లేకపోతే గాలి నిండిన టైరు బ్రేక్ రబ్బర్ల మధ్య నుంచి రాదు. డిస్క్ బ్రేకులైతే తెరవాల్సిందేమీ లేదు కానీ, చక్రం బయట ఉన్నంతసేపూ బ్రేకు పిడిని నొక్కకూడదు. నొక్కితే ప్యాడ్లు దగ్గరకు వచ్చేసి డిస్క్ మళ్లీ లోపలికి దూరదు. ఆ తరువాత క్విక్ రిలీజ్ పిడి (పానా లేకుండా చేత్తోనే చక్రాన్ని వదులు చేసే ఇరుసు పిడి) ఉంటే తెరవడం, నట్లు ఉంటే పానాతో వదులు చేయడం.

ఇక నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన విషయం ఇది. గొలుసుకు పై వరుస, కింది వరుస అని రెండు వరుసలు ఉంటాయి, పళ్ల చక్రాలు ఆ రెండింటి మధ్యలో ఉండాలి. సైకిలు వెనుక నిలబడి, కుడిచేత్తో డిరైలర్‌ను (గొలుసును ఒక పళ్ల చక్రం నుంచి మరోదానికి మార్చే, వెనుక వేలాడే భాగాన్ని) వెనక్కి లాగి పట్టుకుంటే గొలుసు వదులై చక్రం కిందికి జారుతుంది. కానీ పై వరుస ఇంకా చిన్న పళ్ల చక్రాన్ని పట్టుకునే ఉంటుంది, దాన్ని వేలితో ఎత్తి విడిపించాలి. తిరిగి పెట్టేటప్పుడు ఇదే పని తిరగేసిన క్రమంలో జరగాలి: డిరైలర్‌ను వెనక్కి లాగి, చక్రాన్ని రెండు వరుసల మధ్యకు తెచ్చి, పై వరుసను చిన్న పళ్ల మీద ఆనించి, ఇరుసును ఫ్రేమ్ వెనుక చివర ఉన్న గాడుల్లోకి పైకి నడిపించాలి. ఒక తీరిక మధ్యాహ్నం, పంచరేమీ లేకుండానే, పదిసార్లు చక్రం తీసి పెట్టుకుంటే గానీ నా చేతులకు ఈ కదలిక అలవాటు కాలేదు. మీరూ పంచరు పడేవరకు ఆగకుండా ఇంట్లోనే ఇలా సాధన చేయాలని గట్టిగా చెబుతాను.

బ్రేకుకు రాసుకోవడం వేరే సంగతి. నేను సైకిలును ఒక చేత్తో పైకెత్తి పట్టుకుని మరో చేత్తో బిగించేవాడిని. అలా గాలిలో వేలాడే చక్రం తన బరువుకు కిందికి దిగుతుంది, ఇరుసు ఒకవైపు గాడి చివరిదాకా చేరకుండానే బిగుసుకుపోతుంది. అది తెలియక ప్రతిసారీ బ్రేకునే సవరించేవాడిని. తరువాతి పంచరుకు చక్రం తీసి పెడితే ఈసారి రెండో వైపు రాసుకునేది. అనుభవమున్న ఒక పెద్దాయన చూసి, బ్రేకు ముట్టుకోవద్దని చెప్పి, సైకిలును రెండు చక్రాల మీదా నిటారుగా నిలబెట్టించి, క్విక్ రిలీజ్ వదులు చేసి, సీటు మీద చేత్తో అదిమి, అప్పుడు బిగించమన్నారు. చక్రం మధ్యకు వచ్చి నిలిచింది. టైరుకూ ఇరుపక్కల ఉన్న ఫ్రేమ్ గొట్టాలకూ మధ్య సందు సమానంగా ఉందో లేదో చూస్తే ఇరుసు సరిగా కూర్చున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ఇంత చేశాక కూడా చక్రం తిరిగే ప్రతి చుట్టులో ఒక్కచోటే రాసుకుంటే తప్పు బిగింపుది కాదు, రిమ్ము వంకరగా ఉన్నట్టు.

క్విక్ రిలీజ్ పిడిని నట్టులా గుండ్రంగా తిప్పి బిగించకూడదు, మడిచి మూయాలి. పిడి చక్రం పక్కనుంచి నేరుగా బయటికి చూస్తున్నప్పుడు పట్టు మొదలై, పూర్తిగా మూసేసరికి అరచేతిలో దాని అచ్చు పడేంత బిగువు ఉండాలి. దాని సన్నని కడ్డీ మీద ఉండే రెండు చిన్న స్ప్రింగులు సన్నని కొన చక్రం వైపు ఉండేలా ఎక్కించాలి.

మీది గేర్లు లేని సైకిలైతే గాడులు సాధారణంగా అడ్డంగా ఉంటాయి కాబట్టి చక్రాన్ని వెనక్కి లాగి గొలుసు బిగువు మీరే కుదుర్చుకోవాలి; గొలుసు నడుమ వేలితో కదిపితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. రెండు నట్లను కొంచెం కొంచెంగా, మార్చి మార్చి బిగించండి, ఒకేదాన్ని పూర్తిగా బిగిస్తే చక్రం పక్కకు లాగుకుంటుంది. పెడల్ వెనక్కి తొక్కితే పట్టే బ్రేకు ఉంటే, దాని చేతిలాంటి లోహపు పట్టీని ఫ్రేముకు మళ్లీ మరతో కట్టడం మరవకండి. అది లేకపోతే ఆ బ్రేకు పట్టదు.

చివరగా, తెరిచిన బ్రేకును తిరిగి తగిలించి, వెనుక భాగం ఎత్తి పెడల్ తిప్పి, గేర్లు ఒకసారి మార్చి చూడండి. నేను ఒకసారి బ్రేకు తగిలించకుండానే బయలుదేరాను, మొదటి మలుపులో బ్రేకు పిడి హ్యాండిల్ దాకా వచ్చేసినా చక్రం ఆగలేదు, ముందు బ్రేకు ఉండబట్టి నిలదొక్కుకున్నాను. అప్పటినుంచి ఎక్కేముందు రెండు బ్రేకులనూ పట్టి సైకిలును ముందుకు నెట్టి చూడనిదే కదలడం లేదు.