పెరడు సగం అమ్మేద్దాం అంటున్నాడు అబ్బాయి, వద్దంటోంది అమ్మాయి.. నేనేం చేయాలి?

కోనసీమ నుంచి 64 ఏళ్ల అమ్మ ఒకరు రాశారు. భర్త టీచరుగా రిటైరై మూడేళ్ల క్రితం పోయారు, వీలునామా రాయలేదు. ఆయన తన జీతం డబ్బుతో కొన్న 24 సెంట్ల స్థలంలో ముందు ఇల్లు, మిగతాదంతా పెరడు, కొబ్బరి చెట్లు, మామిడి, పనస, నుయ్యి. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫ్లాట్ డౌన్ పేమెంట్‌కి డబ్బు కావాలి, వెనక సగం అమ్మేద్దాం అంటున్నాడు. భీమవరంలో ఉన్న కూతురు మాత్రం నాన్న పెంచిన చెట్లు కొట్టిస్తే ఇక ఆ గుమ్మం తొక్కను అంటోంది. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను, దారి చెప్పండి అని అడిగారు.

అమ్మా, అబ్బాయి ఏమన్నాడో అమ్మాయి ఏమందో అంతా వివరంగా రాశారు గానీ మీకేం కావాలో మాత్రం ఎక్కడా రాయలేదు. మధ్యలో ఒక్క మాట ఉంది, "మొన్న రాత్రి గాలికి మట్ట పడి వెనక రేకులు విరిగిపోయాయి, తెల్లారేదాకా తలుపు తీయలేదు" అని. ఇంకోచోట కొబ్బరికాయలు కోసే దింపు వాళ్ళు పిలిస్తే రావట్లేదు, కాయలు వాటంతట అవే రాలి గడ్డిలో మొలకలొస్తున్నాయి, మోకాళ్ళ నొప్పితో ఊడ్వలేకపోతున్నా, పాములు తిరుగుతున్నాయి అని రాశారు. నాకైతే అర్థమైంది ఇదీ, ఆ పెరడు మీకు ఎప్పుడో బరువైపోయింది, కొంత తగ్గితే బాగుండు అని మీకే ఉంది, కానీ ఆ మాట పైకి అంటే ఆయన్ని మర్చిపోయిందంటారేమో అని మీ భయం, అందుకే నిర్ణయం పిల్లల మీదకి తోసేసి కూర్చున్నారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదమ్మా. ఆయన ఉన్నప్పుడు ఇద్దరు చేసిన పని ఇప్పుడు ఒక్కరే చేయలేకపోతున్నారు, అంతే కదా. ముందు ఇది మీ నోటితో మీ పిల్లలకి చెప్పండి. ఎందుకంటే ఇప్పుడు మీ అమ్మాయికి కనిపిస్తున్నదల్లా అన్నయ్య ఫ్లాట్ కోసం నాన్న చెట్లు పోతున్నాయని, రాత్రంతా తలుపేసుకుని భయపడిన అమ్మ సంగతి ఆ పిల్లకి తెలీదు, తెలిస్తే గొడవ ఇలా ఉండేది కాదని నా నమ్మకం.

అబ్బాయిని కూడా నేను తప్పు పట్టను. బ్యాంకు ఫ్లాట్ మొత్తం ధరకి లోన్ ఇవ్వదు, చేతి డబ్బు వాడికి కావాల్సిందే. కానీ వాడు ఒక విషయం మర్చిపోయాడు, లేదా ఎవరూ చెప్పలేదు. ఆయన సొంతంగా సంపాదించిన ఆస్తి, వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకూ, అబ్బాయికీ, అమ్మాయికీ సమానంగా వస్తుంది, మూడో వంతు చొప్పున (ఆయన పోయేనాటికి మీ అత్తగారు ఉండి ఉంటే ఆవిడకీ ఒక వాటా ఉంటుంది). పెళ్ళిలో కట్నం ఇచ్చాం, పసుపు కుంకుమ కింద ఇచ్చాం, ఇంక దానికి ఏముంది అని చాలా ఇళ్ళలో అంటారు, ఆ మాట చెల్లదు. అమ్మాయి సంతకం లేకుండా తెలివున్న వాడెవడూ ఆ స్థలం కొనడు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతాడు, అందులో పేరు ఉండనే ఉంటుంది. కాబట్టి అమ్మాయి వద్దంటే అది అలక కాదు, హక్కు. దయచేసి ఏడ్చో బతిమాలో, పండక్కి పిలిచి కాగితం ముందు పెట్టో సంతకం పెట్టించుకోకండి. అలా పెట్టించుకున్న సంతకాలతో అన్నాచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా ఉండిపోవడం నేను చూస్తూనే ఉన్నాను.

ఇద్దర్నీ ఒకేసారి పిలవండి, ఫోన్లో విడివిడిగా వద్దు. కూర్చోబెట్టి మాట్లాడేకన్నా పెరట్లోకి తీసుకెళ్ళండి, అమ్మాయిని అడగండి, నీకు ఇందులో ఏది ఉండి తీరాలి అని. అన్ని చెట్లూ అనదు, చూడండి, నూతి పక్క మామిడి అంటుంది, లేకపోతే నాన్న కుర్చీ వేసుకునే పనస అంటుంది. అది మిగిలే ముక్కలోకి వచ్చేలా హద్దు గీయండి.

హద్దు దగ్గర ఇంకో సంగతి. వెనక సగం అమ్ముదాం అంటున్నారు, నాకది నచ్చలేదు. వెనక కొన్నవాడికి దారి ఇవ్వాలి, 12 అడుగుల వెడల్పుతో ఇల్లు దాటి 70 అడుగులు లోపలికి వెళ్ళాలన్నా 840 చదరపు అడుగులు, అంటే దాదాపు రెండు సెంట్లు దారికే పోతుంది, పైగా వాళ్ళు ఇల్లు కట్టినన్నాళ్ళూ ఇసుక లారీలు మీ పడగ్గది కిటికీ పక్కనుంచే వెళ్తాయి. దానికన్నా రోడ్డు నుంచి వెనక హద్దు దాకా ఒక పక్కగా నిలువునా పది సెంట్లు, అంటే 484 గజాలు ఇస్తే వాళ్ళ గుమ్మం వాళ్ళది మీ గుమ్మం మీది, రోడ్డు మొహం ఉంటుంది కాబట్టి ధర కూడా బాగా పలుకుతుంది. నుయ్యి, బోరు, సెప్టిక్ ట్యాంకు ఎటు పడుతున్నాయో సర్వేయరుని పెట్టి కొలిపించాకే బేరం మొదలుపెట్టండి. అటువైపు వాలిన కొబ్బరి చెట్టు ఉంటే ఇప్పుడే తీయించేయండి, రేపు వాళ్ళ రేకుల మీద కాయ పడితే తగువు మీకే.

డబ్బు విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నా. ముందు ముగ్గురూ పంపకం దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి, ఇల్లున్న ముక్క మీ వంతుకి రాయించుకోండి, దానికి బదులుగా అమ్మిన డబ్బులో మీ వాటా కొంచెం తగ్గినా పర్లేదు. మీ వాటా మీ ఒక్కరి అకౌంట్లోనే పడాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ ఉంది, 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. తర్వాత అబ్బాయికి సాయం చేయాలనిపిస్తే చేయండి, కానీ అమ్మాయికి తెలిసేలా చేయండి. బయానా 20 వేలు గానీ అంతకన్నా ఎక్కువ గానీ క్యాష్‌గా తీసుకోకండి, ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు ఒప్పుకోరు, పన్ను ఎంత పడుతుందో అగ్రిమెంట్‌కి ముందే ఆడిటర్ని అడగండి.

అమ్మాయి అప్పటికీ ఒప్పుకోకపోతే ఒక ఏడాది ఆపేయండమ్మా. స్థలం ఎక్కడికీ పోదు. ఈలోగా దింపు వాళ్ళతో నెలవారీగా మాట్లాడుకుని ఎండిన మట్టలు, కాయలు తీయించండి, ఆ ఖర్చు పిల్లలిద్దరూ సగం సగం పెట్టుకోమనండి, వెనక ఒక లైటు పెట్టించండి. ఆ రేకులు మాత్రం ఈ వారమే బాగు చేయించుకోండి.