అమ్మాయి డైరీ మీరు రాయకండి

ప్రశ్న: మాది సికింద్రాబాద్. నాకు 55 ఏళ్లు. బ్యాంకులో చేసి, పాప సంగీతం కోసం వీఆర్‌ఎస్ తీసుకున్నాను. ఒక్కతే అమ్మాయి, 22 ఏళ్లు. ఆరో ఏట చిన్న కీబోర్డుతో మొదలుపెట్టాం. పదో తరగతికల్లా పియానో గ్రేడు పరీక్షల్లో ఆఖరిదైన గ్రేడ్ 8 డిస్టింక్షన్‌లో పాసయ్యాం, తర్వాత డిప్లొమా కూడా చేశాం. ఘట్‌కేసర్ దగ్గర ప్లాటు అమ్మి సెకండ్‌హ్యాండ్‌లో మంచి జపాన్ పియానో కొన్నాను. రోజుకి ఏడు గంటల ప్రాక్టీసు. కాన్సర్ట్ పియానిస్ట్ కావాలన్నది మా పట్టుదల. పోయిన ఫిబ్రవరిలో వియన్నా వెళ్లి అక్కడి సంగీత కళాశాలలో సీటు కోసం ఆడిషన్ ఇచ్చాం. సీటు రాలేదు. అప్పటినుంచి అది పియానో మూత తీయడం లేదు. మా ఆవిడ దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతోంది. వేలు లాగుతోందని సాకు చెబుతుంది గానీ, శనివారం వస్తే పక్క బ్లాకులో ఇద్దరు చిన్నపిల్లలకు పాఠం చెప్పడానికి వెళుతుంది. ఇంత చేసింది ట్యూషన్లు చెప్పుకోవడానికా? మా అక్కయ్య పెళ్లి చేసేయమంటోంది. పెళ్లి చేయమంటారా, వచ్చే ఏడు మళ్లీ ఆడిషన్‌కి తీసుకెళ్లమంటారా?

జవాబు: రెండూ వద్దు. పెళ్లి మందుబిళ్ల కాదు, ఆ మాట మీ అక్కయ్యగారికి నా పేరు చెప్పి మరీ చెప్పండి. మళ్లీ ఆడిషన్ ఇవ్వాలా అన్నది మీరు తేల్చే సంగతి కాదు.

మీ ఉత్తరం ఆరు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. నేను మాత్రం మొత్తం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని ‘మేము’ ధోరణి కనబడిన చోటల్లా గీత పెట్టాను. పాసయ్యాం, చేశాం, ఇచ్చాం. పరీక్ష గదిలో ఆ స్టూలు మీద కూర్చున్నది ఒక్కరే కదండీ! పైగా తప్పు దగ్గరికి వచ్చేసరికి ‘మేము’ మాయమైపోయింది. ‘మూడో పేజీలో అది తడబడింది’ అని రాశారు. పాసైతే మీరూ అమ్మాయీ, తప్పితే అమ్మాయి ఒక్కతే.

బయటికి రాగానే కారిడార్‌లోనే ఎక్కడెక్కడ తప్పు చేసిందో చెప్పానని, హోటల్ చేరేదాకా తను ఒక్క మాట మాట్లాడలేదని కూడా రాశారు. జడ్జీలు మధ్యలో ఆపి థాంక్యూ అన్నారని మీకు అవమానం అనిపించింది. ఆడిషన్లలో అది మామూలే, అందరి చేతా మొత్తం వాయించుకుని కూర్చోరు. కారిడార్‌లో ఆ పిల్లకి కావలసింది మంచినీళ్లు. మీరు లిస్టు ఇచ్చారు.

పంతొమ్మిదో శతాబ్దపు గొప్ప జర్మన్ పియానిస్ట్ క్లారా షూమన్ ఎవరో మీకు నేను చెప్పక్కర్లేదు. యూరో రాకముందు జర్మనీ వంద మార్కుల నోటు మీద ఉన్న బొమ్మ ఆవిడదే. కానీ ఆవిడ తండ్రి సంగతి మీకు తెలిసి ఉండదు, తెలిస్తే ఈ ఉత్తరం ఇలా ఉండేది కాదు. ఫ్రీడ్రిష్ వీక్ లైప్‌జిగ్‌లో పియానో మాస్టారు, పియానోల వ్యాపారి కూడా. భార్య విడిపోయి వెళ్లిపోతే, అప్పటి చట్టం పిల్లను తండ్రికే ఇచ్చింది. 1828లో, తొమ్మిదేళ్ల పిల్లను గేవాండ్‌హౌస్ హాల్లో కచేరీకి ఎక్కించాడు. తర్వాత ఊరూరా తిప్పాడు. ఏర్పాట్లన్నీ ఆయనవే. ఆవిడ పేరుతో ఒక డైరీ కూడా పెట్టాడు. ఏళ్ల తరబడి అందులో చాలా పేజీలు రాసింది ఆయనే. ఆవిడే రాసుకుంటున్నట్టుగా, ‘నేను’ అని.

ప్రొఫెసర్లకు అమ్మాయి పేరుతో మెయిళ్లన్నీ నేనే రాస్తాను, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంటుంది అని నాలుగో పేజీలో మీరు గర్వంగా చెప్పుకున్నారు. అది చదవగానే నాకు ఆ డైరీ గుర్తొచ్చింది.

వీక్‌ని నేను తీసిపారేయను. ఆయన నేర్పకపోతే క్లారా లేదు. అంత మొండిమనిషి కూడా రోజుకి ఒక గంట పాఠం, రెండు గంటల సాధన పెట్టి, ఆ పైన పిల్లని బయట నడవమని పంపేవాడు. మీరు ఏడు గంటలు పెట్టారు! తన దగ్గరే పియానో నేర్చుకున్న రాబర్ట్ షూమన్‌ని క్లారా పెళ్లాడతానంటే మాత్రం వీక్ ఒప్పుకోలేదు. కచేరీల డబ్బు చేతికివ్వలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి కోర్టు అనుమతితో 1840 సెప్టెంబరు 12న పెళ్లి జరిగింది, మర్నాడే ఆవిడకి 21 నిండుతాయి. మూడేళ్ల తర్వాత తండ్రే దిగివచ్చి రాజీకి రాశాడు. మీ ఇల్లు అంతదాకా వెళ్లలేదు కాబట్టే ఇంత కరుగ్గా చెబుతున్నాను.

ఇక ఆ ‘సాకు’. ఆరు పేజీల్లో నన్ను నిజంగా భయపెట్టింది ఆ ఒక్క మాటే. రాబర్ట్ షూమన్ కుడిచేతి వేలు దెబ్బతినే పియానిస్ట్ కావాలన్న ఆశ వదులుకున్నాడు. అమెరికాలో లియాన్ ఫ్లైషర్ అనే పియానిస్ట్ మంచి పేరులో ఉండగా, 1964లో, కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకుపోవడం మొదలైంది. ఆయన ఏం చేశాడు? ఇంకా ఎక్కువ సాధన చేశాడు. దానికి ఫోకల్ డిస్టోనియా (కండరాలు మన మాట వినకుండా బిగుసుకుపోయే జబ్బు) అన్న పేరు ఉందని చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. అన్నాళ్లూ ఎడమచేతి కోసమే రాసిన సంగీతం వాయించాడు, ఆర్కెస్ట్రా నడిపాడు, బాల్టిమోర్‌లో పాఠాలు చెప్పాడు. మళ్లీ రెండు చేతులా నిలకడగా వాయించడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. మీ అమ్మాయికి అదేనని నేననను, నేను డాక్టర్ని కాను. చేతుల సంగతి తెలిసిన ఆర్థోపెడిక్‌కో, న్యూరాలజిస్టుకో ఈ వారమే చూపించండి. ఏ వేలు, ఎప్పటినుంచి, వాయిస్తున్నప్పుడా, పెన్ను పట్టుకున్నా వస్తోందా అని డాక్టరుకి తనే చెబుతుంది. మీరు బయట కుర్చీలో కూర్చోండి.

ట్యూషన్ల మీద మీకు ఎందుకండీ అంత చిన్నచూపు? పోలండ్‌లోని వార్సాలో షోపాన్ పేరిట జరిగే పియానో పోటీ 1927లో మొదలైంది, ఇప్పుడు ఐదేళ్లకొకసారి జరుగుతుంది. 1990లోనూ, 1995లోనూ మొదటి బహుమతి అసలు ఎవరికీ ఇవ్వలేదు. అంత సన్నటి దారి అది. స్టేజీ ఎక్కినవాళ్లలో కూడా చాలామంది మిగతా రోజుల్లో పాఠాలు చెబుతారు, పాడేవాళ్లకి పక్కన వాయిస్తారు. క్లారా అంతటి మనిషి 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో సంగీత పాఠశాలలో చేరి పాఠాలు చెప్పింది. మీ అమ్మాయి సంగీతాన్ని వదిలేసిందని మీరంటున్నారు. శనివారం శనివారం పక్క బ్లాకుకి ఎందుకు వెళుతోంది మరి? మీరు లేని చోట పియానో ఉంది కాబట్టి.

ప్లాటు మాట ఉత్తరంలో నాలుగుసార్లు వచ్చింది. మా నాన్న పల్లెటూరి బడిపంతులు. నా పీజీ ఫీజు కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టారన్న సంగతి ఆయన పోయిన పదో రోజున అమ్మ చెబితే తెలిసింది. అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. కన్నవాళ్లు పిల్లల కోసం అమ్ముకోవడం నాకు గొప్పగానే ఉంటుంది, ఎప్పుడూ తప్పుపట్టను. కానీ నాకే నాలుగుసార్లు చెప్పారంటే ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పి ఉంటారు? ఇక ఆపండి.

మీ ఆవిడ గురించి ఆరు పేజీల్లో ఒక్కటే వాక్యం, అదీ ఇస్త్రీ బట్టల గురించి. పదహారేళ్లుగా ఆ ఇంట్లో టీవీ సౌండు తగ్గించుకుని బతికిన మనిషి ఆవిడ. అంత ఖరీదు పియానో మీద చీరలు మడతపెట్టి పెడుతున్నారంటే మీతో ఏదో అంటున్నారు. ఏమిటో ఆవిడనే అడగండి. బట్టలు మాత్రం తీయకండి.

పాస్‌వర్డ్ అమ్మాయికి ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు ఉపన్యాసం వద్దు, కాగితం మీద రాసి బల్ల మీద పెట్టండి, చాలు. ఎప్పుడైనా తనంతట తను మూత తీస్తే మీరు లేచి గుమ్మం దగ్గరికి రాకండి. ‘రెండో లైను మళ్లీ’ అనకండి. రైతుబజారుకి వెళ్లి కూరలు తెచ్చుకోండి. కష్టమే, పదహారేళ్ల అలవాటు. మీ బ్యాంకు స్నేహితులు ఇంకా ఉన్నారుగా, వాళ్లని కలవండి.

డాక్టరు ఏమన్నారో నాకు తెలియజేయండి. అమ్మాయే రాస్తానంటే మరీ సంతోషం. పంపేముందు మీరు చదవకండి.