ట్యాబ్‌లో చూసింది పరీక్షలో ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాస్టారూ, మాది గాజువాక. మా బాబు ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. రోజూ రెండు గంటలు ట్యాబ్‌లో సైన్స్ వీడియోలు చూస్తాడు, అడిగితే అంతా అర్థమైందంటాడు, స్లిప్ టెస్ట్‌లో మాత్రం సగం మార్కులు కూడా రావట్లేదు. నేను పదో తరగతితో ఆపేశాను, దగ్గర కూర్చుని చెప్పలేను. ట్యాబ్ తీసేసి ట్యూషన్‌లో వేసేయమంటారా?

జవాబు: తొందరపడి తీసెయ్యకండమ్మా. మీవాడు అబద్ధం చెప్పట్లేదు, చూస్తున్నంతసేపూ వాడికి నిజంగానే అర్థమైనట్టే ఉంటుంది. కానీ చూసి తలూపడం వేరు, చూడకుండా చెప్పడం వేరు, పరీక్షలో అడిగేది ఆ రెండోదే.

2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. కొందరు పాఠం మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. 5 నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం ఆగి పెడితే మాత్రం మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నదీ అదే, వీడియో అయిపోగానే అడిగితే గడగడా చెప్పేస్తాడు, టెస్ట్ నాటికి ఏమీ మిగలదు.

మా పక్కింటి కుర్రాడూ ఇలాగే ఘర్షణ పాఠం చూస్తుంటే నేను మధ్యలో ఆపేశాను. టేబుల్ మీద పుస్తకాన్ని ముందుకి తోస్తున్న బొమ్మ, ఇంకా ఘర్షణ బాణం గియ్యలేదు. ఎటు గీస్తారు రా అంటే ముందుకే అన్నాడు టక్కున. నేనేం మాట్లాడలేదు. వాడు కాసేపు చూసి తన నోట్‌బుక్‌నే టేబుల్ మీద తోసి చూశాడు, వదిలేయగానే అది కొంచెం జరిగి ఆగిపోయింది, మళ్లీ తోశాడు, "ఏదో వెనక్కి లాగుతోంది అంకుల్" అన్నాడు. అప్పుడు ప్లే నొక్కాం. ఆ బాణం వాడు ఇక మర్చిపోడని నా నమ్మకం.

స్కిన్నర్ అనే అమెరికా సైకాలజిస్టు 1953లో వాళ్లమ్మాయి లెక్కల క్లాసుకి వెళ్తే పిల్లలు తమ జవాబు తప్పో ఒప్పో తెలీక కూర్చుని ఉన్నారట, అది చూసే ఆయన టీచింగ్ మెషీన్ తయారుచేశాడు, జవాబివ్వగానే ఫలితం తెలిసిపోవాలని. ఇప్పటి యాప్‌లలో క్విజ్‌లు చేసేదీ అదే పని. మన పిల్లలేమో ఆ క్విజ్ వదిలేసి 1.5 స్పీడ్‌లో ఇంకో వీడియోకి పోతారు, ఇదే నాకు బాధ.

మీకు సబ్జెక్ట్ రాకపోవడం అడ్డే కాదమ్మా. సొంతంగా చెయ్యలేని పనిని తోడుంటే చెయ్యగలిగే దశ ఒకటుంటుందని వైగోట్‌స్కీ అనే రష్యా సైకాలజిస్టు అన్నాడు. నిజమే, పాఠం తెలిసినవాళ్లుంటే ఇంకా మంచిది, కానీ ఆపి అడగడానికి మీరు చాలు. పది నిమిషాలకోసారి ఆపండి, ట్యాబ్ బోర్లా పెట్టించి తెలుగులోనే చెప్పించండి. వానకి తడిసిన సింహాచలం మెట్ల మీద కాలెందుకు జారుతుందో వాడి మాటల్లో చెప్పగలిగితే ఇంగ్లిష్‌లో రాయడం తర్వాత వస్తుంది. మర్నాడు ఒకసారి, నాలుగు రోజులాగి ఇంకోసారి అదే అడగండి. రెండు గంటలు అక్కర్లేదు, ముప్పావుగంట వీడియో సరిపోతుంది.

ఒక నెల ఇలా చేశాక కూడా ఎక్కడైనా ఆగిపోతుంటే అప్పుడు ట్యూషన్ చూడండి, ఏ పాఠంలో ఆగుతున్నాడో కాగితం మీద రాసి ఆ టీచర్‌కి ముందే ఇవ్వండి.