ఒకే కంప్యూటర్‌లో మూడు లినక్స్‌లు: మేనల్లుడికి లేఖ

అమలాపురం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

భీమవరంలో నీ గదిలో ఉన్న కంప్యూటర్‌లో ఉబుంటుతో పాటు ఫెడోరా, మింట్ అనే మరో రెండు లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు కూడా పెట్టుకోవాలనుకుంటున్నట్టు రాశావు. తప్పకుండా పెట్టుకో. అయితే అవి ఒకదాన్నొకటి చెడగొట్టుకోకుండా నడవడమంతా బూట్‌లోడర్ (కంప్యూటర్ ఆన్ చేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్) అమరిక మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, పెన్‌డ్రైవ్ చేతిలోకి తీసుకోకముందే ఆ విషయం తేల్చుకోవాలి.

నీది యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరహా ఫర్మ్‌వేర్) ఉన్న యంత్రం. అందులో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఉంటుంది, ప్రతి లినక్స్ తన బూట్‌లోడర్‌ను అందులో తన పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. కొత్తది ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పార్టిషన్‌నే వాడుకోమని చెప్పు, ఎట్టి పరిస్థితుల్లోనూ దాన్ని ఫార్మాట్ చేయనివ్వకు. చేస్తే మిగతా వాటి బూట్‌లోడర్లన్నీ ఒక్కసారిగా పోతాయి. ముందుగా అందులోని ఫైళ్లన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో. వాయుగుండం పట్టిన రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో మనకు తెలియదు కనుక, యూపీఎస్ లేకుండా పార్టిషన్ల సైజు మార్చే పని పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. ఏ సిస్టమ్‌లోకి వెళ్లాలో అడిగే బూట్ మెనూ పెత్తనం ఒక్క ఉబుంటుకే ఇవ్వు. చాలామంది గ్రబ్ అనే లినక్స్ బూట్‌లోడర్‌తో పాటు వచ్చే ఓఎస్-ప్రోబర్ అనే ప్రోగ్రామ్‌ను నమ్ముకుంటారు. అది మిగతా పార్టిషన్లను వెతికి, వాటి కెర్నళ్లను (సిస్టమ్‌ల మూల ప్రోగ్రామ్‌లను) మెనూలో చేరుస్తుంది. భద్రత దృష్ట్యా 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి దాన్ని ముందే ఆపి ఉంచుతున్నారు. సెట్టింగ్ మార్చి మళ్లీ నడిపించుకోవచ్చు గానీ, నేను దాన్ని మెచ్చను. ఫెడోరాలో కెర్నల్ అప్‌డేట్ అయి పాతది తొలగిపోయిన సంగతి ఉబుంటు మెనూకు తెలియదు. నువ్వు ఉబుంటులోకి వెళ్లి, మెనూను తిరిగి రాసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడిపేదాకా ఆ మెనూ లేని కెర్నల్‌నే పిలుస్తూ ఉంటుంది.

అందుకే చెయిన్‌లోడింగ్, అంటే ఒక బూట్‌లోడర్ మరో బూట్‌లోడర్‌ను పిలవడం, మేలు. ధవళేశ్వరం దగ్గర హెడ్ రెగ్యులేటర్ కాలువకు నీరు వదిలి ఊరుకుంటుంది, ఆ నీరు ఏ బోదెలోకి పోవాలో కింద కాలువే చూసుకుంటుంది. ఉబుంటు గ్రబ్ కూడా ఫెడోరా బూట్‌లోడర్‌కు పని అప్పగించి ఊరుకోవాలి, కెర్నల్ ఎంపిక ఫెడోరాయే చూసుకుంటుంది. ఉబుంటులో ఈటీసీ అనే సెట్టింగుల ఫోల్డర్ లోపలి గ్రబ్.డీ ఫోల్డర్‌లో 40_కస్టమ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో ఒక మెనూ ఎంట్రీ రాసి, ఈఎఫ్ఐ పార్టిషన్‌ను యూయూఐడీతో (ప్రతి పార్టిషన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపుతో) వెతకమని, ఫెడోరా ఫోల్డర్‌లోని షిమ్ అనే తొలి బూట్ ఫైల్‌ను చెయిన్‌లోడ్ చేయమని చెప్పాలి. ఫ్యాట్ పార్టిషన్ యూయూఐడీ మధ్యలో గీతతో ఎనిమిది అక్షరాలే ఉంటుంది, చూసి సరిగా ఎక్కించు. తరువాత అప్‌డేట్-గ్రబ్ ఒక్కసారి నడిపితే చాలు, ఫెడోరాలో ఎన్ని కెర్నళ్లు మారినా మళ్లీ ఈ ఎంట్రీని ముట్టుకోనక్కరలేదు.

మింట్ విషయంలో మాత్రం జాగ్రత్త. అది కూడా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటు అనే ఫోల్డర్‌నే వాడుతుంది. అందులో అసలు మెనూ ఎక్కడుందో చూపించే మూడు వరుసల చిన్న గ్రబ్.సీఎఫ్‌జీ ఫైల్ ఉంటుంది. ఎవరు ఆఖరున ఇన్‌స్టాల్ అయితే వాళ్లు దాన్ని తిరగరాస్తారు, తరువాత గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ వచ్చినప్పుడూ ఇదే జరగవచ్చు. నన్నడిగితే మింట్ మానేసి డెబియన్ పెట్టుకో, దానికి తన సొంత ఫోల్డర్ ఉంటుంది.

కొత్తగా చేరిన సిస్టమ్ బూట్ వరుసలో తానే ముందుకు వచ్చి కూర్చుంటుంది. అప్పుడు కంగారు పడకుండా ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో వరుస చూసి, ఉబుంటును మళ్లీ మొదట పెట్టు. స్వాప్ పార్టిషన్‌ను (మెమరీ చాలనప్పుడు వాడుకునే డిస్క్ భాగాన్ని) కొత్త ఇన్‌స్టాలర్ ఫార్మాట్ చేస్తే దాని యూయూఐడీ మారిపోతుంది. పాత సిస్టమ్ దానికోసం బూట్‌లో ఒకటిన్నర నిమిషం ఎదురుచూస్తుంది. ఏ పార్టిషన్లు వాడాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో కొత్త యూయూఐడీ రాస్తే సరిపోతుంది.

ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చెరపకుండా దగ్గర పెట్టుకో, ఏ బూట్‌లోడర్ చెడినా దానితోనే లోపలికి వెళ్లి సరిచేయాలి. మింటా, డెబియనా తేల్చుకుని, మొదలుపెట్టే ముందు ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ చూపించిన వరుసను ఫోటో తీసి నాకు పంపు.

మీ మామయ్య