డర్బన్ దగ్గర ఎస్టేట్ ఇళ్లలోకి ఏ జంతువులు వస్తాయి? చిన్నపిల్లలున్న ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఉద్యోగం మీద దక్షిణాఫ్రికాలోని డర్బన్ వచ్చి, ఊరి పక్కన ఉమ్హ్లాంగా, బలిటో వైపు గేటెడ్ ఎస్టేట్‌లో (ప్రహరీ, కాపలా ఉన్న ఇళ్ల సముదాయంలో) దిగుతున్నామని, పిల్లలు చిన్నవాళ్లని, కోతులంటే భయమని, సింహాలూ ఏనుగులూ కూడా వస్తాయేమోనని రాశారు. సింహాలూ ఏనుగులూ రావు. వాటిని చూడాలంటే కారులో దాదాపు మూడు గంటలు ప్రయాణించి హ్లుహ్లువే పార్కుకు వెళ్లాలి. ఎస్టేట్‌లో రోజూ కనిపించేవి కోతులు, ముంగిసలు, చిన్న జింకలు, ఉడుములు, పాములు. మీ ప్రశ్నలో ఎక్కువ భయం కోతుల గురించే ఉంది. నన్నడిగితే కోతి కంటే ముందు, రాత్రిపూట పాములు దూరే తలుపు కింది సందు గురించి ఆలోచించండి. అయినా అడిగారు కాబట్టి కోతులతోనే మొదలుపెడతాను.

ఇక్కడివి వర్వెట్ కోతులు. బూడిద రంగు ఒళ్లు, నల్ల మొహం, దాని చుట్టూ తెల్లటి అంచు. మన ఊళ్లలో కోతుల కంటే చిన్నవి. గుంపుగా ఇంచుమించు ఒకే దారిన తిరుగుతుంటాయి కాబట్టి మీ పెరట్లోకి ఏ వేళకు వస్తాయో వారం పది రోజుల్లో తెలిసిపోతుంది. ఆ వేళకు వంటింటి కిటికీ మూసి ఉంటే సగం పని అయినట్టే. గట్టు మీద అరటిపళ్లు, బ్రెడ్డు బయటికి కనిపించకూడదు. కిటికీ ఊచలను నమ్ముకోకండి, పిల్లకోతి వాటి సందులోంచి దూరుతుంది. దోమతెరను చించేస్తుంది. గట్టి ఇనుప మెష్ బిగించడం ఒక్కటే మార్గం. చెత్త సంచి ముందురోజు రాత్రే గేటు బయట పెట్టకండి, బండి వచ్చే రోజు ఉదయాన్నే పెట్టండి. వడియాలు, మామిడి ఒరుగులు ఆరుబయట ఎండబెడితే మీకు మిగలవు.

కిటికీ పక్కన దేవుడి మందిరం ఉంటే నైవేద్యం అయిపోగానే పళ్లు, కొబ్బరిచిప్పలు లోపల పెట్టేయండి. హనుమంతుడి పేరు చెప్పి మంగళవారం, శనివారం కోతులకు పండు పెట్టే అలవాటుంటే, దయచేసి ఇక్కడ మానేయండి. మనిషి చేతి తిండి మరిగిన కోతి రేపు పక్కింటి పిల్లాడి చేతిలోది లాక్కుంటుంది. ఆ తర్వాత ఫిర్యాదులొస్తాయి, ఎవరో ఒకరు పెల్లెట్ గన్ (గాలి తుపాకీ) తీస్తారు. పుణ్యానికని పెట్టిన పండు దాని ప్రాణం మీదికే వస్తుంది.

కోతి ఇంట్లో దూరితే తలుపులు మూయకండి. పిల్లల్ని వేరే గదిలోకి పంపి, బయటి తలుపు బార్లా తెరిచి, దాని దారికి అడ్డు తప్పుకోండి. కళ్లలోకి చూడకూడదు, పళ్లు కనబడేలా నవ్వకూడదు, దానికవి బెదిరింపులు. కాటు పడేది ఎక్కువగా దాన్ని మూలకు తరిమినప్పుడు, లేదా పిల్లకోతి లోపల ఇరుక్కుని తల్లి బయట ఉన్నప్పుడు. పెరట్లోంచి తోలడానికి నీళ్ల పైపు చాలు. కరిస్తే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ రాష్ట్రంలో రేబిస్ ఉంది. అది ప్రధానంగా కుక్కల్లోనే కాబట్టి, ఎవరిదో తెలియని కుక్కను పిల్లలు ముట్టుకోకుండా చూడటం ఇంకా ముఖ్యం.

చారల ముంగిసలు గుంపుగా వచ్చి పచ్చికంతా తవ్వి పురుగులు తింటాయి. వాటి మానాన వాటిని వదిలేయండి. తెల్లారకముందే గొంతు చించుకుని అరిచే పొడుగు ముక్కు పక్షి హడీడా, దానివల్ల నిద్ర చెడటం తప్ప నష్టం లేదు. బ్లూ డైకర్ కుందేలు కంటే కాస్త పెద్దదైన జింక, మనిషి అలికిడికే పారిపోతుంది. బుష్‌బక్ మగదానికి మాత్రం వాడి కొమ్ములుంటాయి. కుక్క తరిమితే వెనక్కి తిరిగి పొడుస్తుంది, కుక్కకు గొలుసు తప్పనిసరి. చెరువుల పక్కన ఒకటిన్నర మీటర్ల ఉడుము కనిపిస్తే కంగారుపడకండి, దారివ్వండి. ఇక్కడివాళ్లు దాన్ని లెగవాన్ అంటారు.

ఇక పాములు. ఇటువైపు చాలా ఎస్టేట్లు ఒకప్పటి చెరకు తోటల మీద లేచినవే, చుట్టుపక్కల ఇంకా చెరకు ఉంది. చెరకులో ఎలుకలుంటాయి, ఎలుకలున్నచోటికి పాములొస్తాయి. మీరు గుర్తుంచుకోవాల్సింది మ్ఫేజీ, అంటే విషం చిమ్మే మొజాంబిక్ నాగు. పైన గోధుమ రంగు, కింద గులాబీ ఛాయ, గొంతు మీద నల్లటి అడ్డపట్టీలు. కప్పలు, ఎలుకల కోసం రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, నిద్రలో ఉన్నవాళ్లను కరవడం దీని విషయంలో కొత్త కాదు. చుట్టాలొచ్చినప్పుడు నేల మీద పరుపులు పరిచే అలవాటు ఇక్కడ వద్దు. ప్రతి బయటి తలుపు కిందా వేలు దూరే సందు కూడా లేకుండా రబ్బరు పట్టీ కొట్టించండి. చీకటి పడ్డాక గాలి కోసం తలుపు తెరిచి ఉంచకండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. విషాన్ని రెండు మూడు మీటర్ల దూరం చిమ్ముతుంది. కంట్లో పడితే నలపకుండా మామూలు నీళ్లతో 15-20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కుక్క కళ్లలో పడినా ముందు నీళ్లే.

చెట్ల మీద పచ్చగా, సన్నగా, ఒంటి మీద నల్ల చుక్కలతో కనిపించేది స్పాటెడ్ బుష్ స్నేక్, విషం లేదు. పాపం, ప్రాణాంతక విషమున్న గ్రీన్ మాంబా అనుకుని జనం చంపేది ఎక్కువగా దీన్నే. చుక్కల్లేకుండా ఒళ్లంతా ఒకే పచ్చదనం ఉన్నది మాంబా కావచ్చు. బ్లాక్ మాంబా నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది, నోటి లోపల మాత్రమే నలుపు. ఏ పాము కనబడినా కనీసం ఐదు మీటర్లు వెనక్కి తగ్గి, ఒకరు దూరం నుంచి కనిపెడుతూ ఉండండి, ఇంకొకరు ఎస్టేట్ సెక్యూరిటీకి ఫోన్ చేయండి. ఎటు పోయిందో తెలియకపోతే పట్టేవాళ్లు వచ్చినా ప్రయోజనం ఉండదు. ఆఫ్రికన్ స్నేక్‌బైట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఉచిత యాప్‌లో పాములు పట్టేవాళ్ల నంబర్లుంటాయి, దిగిన రోజే ఫోన్‌లో వేసుకోండి.

కాటు పడితే తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏవీ వద్దు. మ్ఫేజీ విషం కండను కుళ్లబెడుతుంది, కట్టు బిగిస్తే ఆ చోట నష్టం ఇంకా పెరుగుతుంది. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రావు. మాంబా విషానికి ఊపిరి ఆగిపోతుంది, ఆసుపత్రి చేరేదాకా నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదుతూ ఉంటే మనిషిని నిలబెట్టవచ్చు. సెల్ నుంచి 112, ప్రభుత్వ అంబులెన్సుకు 10177. ఐసీయూ, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రి ఏది దగ్గరో ముందే కనుక్కుని పెట్టుకోండి.

ఎలుకలకు మాత్రం మందు పెట్టకండి. విషం తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ చస్తుంది. బోను పెట్టండి, కుక్క తిండి గిన్నె రాత్రి బయట వదలకండి.