వైరస్ పాతబడేకొద్దీ దానంతటదే మెత్తబడుతుందా?

అలాంటి నియమం ఏదీ లేదు. ఏ రకం ఎక్కువమందికి అంటుకుంటే అదే మిగులుతుంది. రోగి బతికాడా, పోయాడా అన్నది దానికి రెండో సంగతి.

ఈ నమ్మకానికి ఆధారంగా అందరూ చూపేది ఆస్ట్రేలియా కుందేళ్లనే. పొలాలనూ పచ్చికనూ తినేస్తున్న కుందేళ్లను తగ్గించడానికి 1950లో అక్కడ మిక్సోమా వైరస్‌ను వదిలారు. మొదట్లో సోకినవాటిలో 99 శాతానికి పైగా చచ్చిపోయాయి. దాన్ని మోసుకెళ్లేవి ముఖ్యంగా దోమలు. కుందేలు మరీ త్వరగా చస్తే దోమ కుట్టే వ్యవధి తక్కువ, త్వరగా కోలుకున్నా అంతే. అందుకే కొన్నేళ్లలోనే మధ్యరకం వైరస్‌లది పైచేయి అయిందని వైరస్ శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫెన్నర్ బృందం గుర్తించింది. కానీ ఆ "మధ్యరకం" కూడా 70 నుంచి 95 శాతం కుందేళ్లను చంపేది! ఈ ముక్క చెప్పకుండా కథను సగంలో ఆపేయడం నాకు చాలా బాధగా ఉంటుంది. పైగా కుందేళ్లలోనూ తట్టుకునే శక్తి పెరిగింది.

కోవిడ్‌లో వైరస్‌ను అలా మధ్యరకం వైపు నెట్టే ఒత్తిడి కూడా తక్కువే. రోగి ప్రాణం మీదికి వచ్చేసరికే వైరస్ పక్కవాళ్లకు అంటుకుని ఉంటుంది. అందుకే 2021లో డెల్టా ముందు రకాలకన్నా తీవ్రంగా వచ్చింది. ఒమిక్రాన్ తేలిగ్గా పోవడంలో దాని స్వభావం కొంత ఉన్నా, టీకాలూ అంతకుముందే సోకిన జబ్బూ ఇచ్చిన రక్షణ పాత్ర పెద్దది.

మశూచినే చూడండి. వందల ఏళ్లు మనుషుల్లో తిరిగినా, దాని తీవ్రమైన రకం 20వ శతాబ్దంలోనూ సోకినవారిలో సుమారు 30 శాతం మందిని చంపుతూనే ఉంది. అది మెత్తబడి పోలేదు, ఊరూరా టీకాలు వేసి తరిమితే పోయింది.