అమెరికా సుంకం, ఆకివీడు రొయ్య

ప్రశ్న: టీవీ పెడితే టారిఫ్‌ల (దిగుమతి సుంకాల) గోలే. చైనా మాకు డబ్బు కడుతోందని ట్రంప్ అంటాడు, కాదు అమెరికా జనమే కడుతున్నారని ఇంకొకరు అంటారు. నిజంగా కట్టేది ఎవరండీ?
– డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

జవాబు: సరుకు అమెరికా రేవులో దిగాక కస్టమ్స్‌కి డబ్బు కట్టేది దాన్ని తెప్పించుకున్న అమెరికా కంపెనీ. చైనాకో ఇండియాకో ఎవరూ బిల్లు పంపరు, అందులో వాదనకేమీ లేదు. ఆ కంపెనీ తర్వాత ఆ భారాన్ని ఎవరి నెత్తిన పెడుతుందన్నదే అసలు సంగతి. దానికి వాషింగ్ మెషిన్ల కథ వినాలి.

2018 మొదట్లో ట్రంప్ ప్రభుత్వం బయటి నుంచి వచ్చే వాషింగ్ మెషిన్ల మీద సుంకం వేసింది. మొదటి 12 లక్షల మెషిన్లకు 20 శాతం, ఆ పైన వచ్చే వాటికి 50 శాతం. షాపుల్లో ధర సుమారు 12 శాతం పెరిగింది, ఇంతవరకు ఎవరైనా ఊహిస్తారు. కానీ సుంకమే లేని డ్రయ్యర్ల ధర కూడా దాదాపు అంతే పెరిగింది! అక్కడ ఉతికే మెషిన్, ఆరబెట్టే మెషిన్ జతగా కొంటారు (మనలా దండెం మీద ఆరేసుకునేవాళ్ళు తక్కువ), పెంపు మొత్తం ఒక్కదాని మీదే కనిపిస్తే కొనేవాడు ఉలిక్కిపడతాడని రెంటికీ పంచేశారు. అమెరికాలో తయారుచేసే కంపెనీలు కూడా ఇదే సందని ధర పెంచుకున్నాయి. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తలు లెక్కగడితే వచ్చిన ఉద్యోగాలు సుమారు 1,800, జనం మీద పడిన అదనపు ఖర్చు ఏడాదికి 150 కోట్ల డాలర్లు. అంటే ఒక్కో ఉద్యోగానికి 8 లక్షల డాలర్ల పైమాటే.

తమాషా ఏమిటంటే అంతకు ముందు ఒక్క చైనా మెషిన్ల మీదే సుంకం వేసినప్పుడు ధరలు పెరగలేదు. కంపెనీలు తయారీని థాయ్‌లాండ్‌కి, వియత్నాంకి మార్చేసి అక్కడి నుంచి పంపాయి. 2018లో దాదాపు అన్ని దేశాల మెషిన్ల మీదా వేసేసరికి ఆ దారి మూసుకుపోయింది.

ప్రశ్న: అమెరికావాళ్ళే కడతారంటారు కదా సార్, మరి 2025 ఆగస్టులో వాళ్ళు సుంకం పెంచితే ఇక్కడ మా వనామీ రొయ్య రేటు ఎందుకు పడింది? నేను నాలుగెకరాల చెరువు లీజుకు చేస్తున్నాను. ఏజెంట్‌ని అడిగితే ట్రంప్‌ని అడగమంటున్నాడు.
– రొయ్య రైతు, ఆకివీడు

జవాబు: మీ ప్రశ్నే నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే పై జవాబులో ఉన్న లొసుగు మీరే పట్టుకున్నారు. 2024లో అమెరికాకు ఎక్కువ రొయ్య పంపింది మన దేశమే, అందులో ఎక్కువ భాగం ఆంధ్ర చెరువులదే. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద సుంకం 50 శాతం అయింది, అంతకు ముందే ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే సుంకం) లాంటివి కలిపితే అప్పట్లో దాదాపు 58. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ రొయ్య మీద ఆ కొత్త సుంకం అప్పుడు 15 శాతమే. అమెరికాలో కొనేవాడికి మీ రొయ్యే కావాలన్న పట్టుదల ఏముంటుంది? అటు తిరుగుతాడు, లేదా తిరుగుతానని బెదిరించి రేటు తగ్గించమంటాడు. ఎగుమతిదారు ఆ తగ్గింపులో కొంత తను భరించి, మిగతాది ప్లాంట్ నుంచి ఏజెంట్‌కి, ఏజెంట్ నుంచి మీకు దించేస్తాడు.

మీరు ఇంకెవరి మీదికి దించుతారు? వాషింగ్ మెషిన్ అయితే గోడౌన్‌లో ఆరు నెలలు ఉంచినా ఏమీ కాదు. చెరువులో సరుకు అలా కాదు కదా, పట్టుబడి (రొయ్యలు పట్టడం) పది రోజులు వాయిదా వేస్తే పది రోజుల మేత, నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్ల కరెంటు బిల్లు, పైగా ఏ రాత్రి వైట్ స్పాట్ రోగం తగులుతుందోనని టెన్షన్. అది ఏజెంట్‌కి బాగా తెలుసు. సుంకం రేవులో కట్టింది అమెరికావాడే అయినా రేటు తెగ్గోసింది మీ గట్టు మీద. ఏజెంట్ మాట మరీ అబద్ధం కాదు, కాకపోతే తన వాటా ఎంత తగ్గించుకున్నాడో కూడా అడిగి చూడండి.

ప్రశ్న: సుంకాలు వేస్తే కనీసం ఫ్యాక్టరీలైనా వస్తాయి కదా?
– రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: కొన్ని వచ్చాయి, కాదనను. శాంసంగ్ సౌత్ కరోలినాలో, ఎల్‌జీ టెనెసీలో వాషింగ్ మెషిన్ల ప్లాంట్లు పెట్టాయి. కానీ 2018 మార్చిలో ఉక్కు మీద 25 శాతం వేసినప్పుడు ఏమైందో చూడండి. మిస్సోరీలో పాప్లర్ బ్లఫ్ అనే చిన్న ఊళ్ళో మేకుల ఫ్యాక్టరీ ఉంది. అది మెక్సికో నుంచి ఉక్కు తీగ తెప్పించుకుని మేకులు చేస్తుంది. తీగ మీద ఆ సుంకం పడింది, బయట తయారై వచ్చే మేకుల మీద పడలేదు! పిండికి పన్ను వేసి రొట్టెను వదిలేసినట్టు. ఆర్డర్లు పోయి ఆ జూన్‌లోనే 60 మందిని తీసేశారు. మేకుల మీద కూడా సుంకం వేయాలని ప్రభుత్వానికి తట్టేసరికి 2020 వచ్చింది. ఉక్కు చేసేవాళ్ళ కంటే ఉక్కు వాడేవాళ్ళే చాలా ఎక్కువమంది, విశాఖలో ఉన్న మీకు నేను చెప్పాలా.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి ఆవకాయ, రెండు చీరలు పోస్టులో పంపబోతే అమెరికా సుంకం ఇక్కడే కట్టమన్నారు. ఇదేం విడ్డూరం?
– గృహిణి, విజయవాడ

జవాబు: 800 డాలర్ల లోపు పార్సెళ్ళకు అమెరికాలో సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29తో ఆ మినహాయింపు పోయింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే చాలా బుకింగ్‌లు ఆపేసి, అక్టోబరు 15న మళ్ళీ మొదలుపెట్టింది, సుంకం బుకింగ్ దగ్గరే తీసుకునే పద్ధతిలో. కాబట్టి ఖమ్మం అబ్బాయి ప్రశ్నకు ఇంకో జవాబు మీరేనమ్మా, ట్రంప్ సుంకం విజయవాడ కౌంటర్లో కట్టమన్నది మిమ్మల్నే. 100 డాలర్ల లోపు బహుమతులకు మినహాయింపు ఉంచారు. చీరలు ఒక పార్సెల్, ఆవకాయ ఒక పార్సెల్ చేసి, ఆ రెండిటికీ అది వర్తిస్తుందేమో ఒకసారి కౌంటర్లో అడగండి.